కెన్‌సాకు పీల్చిన గాలి

తొకికో జపాన్‌లోని ఒకాయమా నగరంలో ఒక పరిశోధనశాలలో మూర్ఛ వచ్చే ఎలుకల చేత హైడ్రోజన్ కలిపిన గాలి పీల్పిస్తుంది. ఒక విడతలో ఎలుకలు త్వరగా తేరుకుంటాయి, మరో విడతలో ఏ తేడా కనబడదు. "ఇంతకీ పనిచేస్తుందా?" అని ఎవరడిగినా నీళ్లు నములుతుంది.

తమ్ముడు కెన్‌సాకు అంత ఓపిక పట్టలేదు. అతనిది తాతామి చాపలు కుట్టే పని. చేతిలో పెద్ద సూది ఉండగానే ఫిట్స్ వచ్చి పడిపోయాక, ఇంట్లో పెట్టుకునే హైడ్రోజన్ యంత్రం కొన్నాడు. రోజూ సాయంత్రం ముక్కుకు గొట్టం తగిలించుకుని కూర్చునేవాడు. ఏడాదిపాటు మళ్లీ ఫిట్స్ రాలేదు.

"నీ ఎలుకలకంటే నేనే నయం అక్కా. నన్నే బోనులో పెట్టుకో."

"నీకు మేత పెట్టలేక చస్తాను, పోరా."

చెర్రీలు పూసిన రోజుల్లో ఒక ఆదివారం తొకికో హైడ్రోజన్ కొలిచే మీటరు తెచ్చి గొట్టం దగ్గర పెట్టింది. ముల్లు కదలలేదు. వెనక మూత విప్పి చూసింది. నీటిని విడగొట్టే పలకలు ఎప్పుడో తుప్పుపట్టి పోయాయి. నీళ్లలో బుడగలు తెప్పిస్తున్నది లోపలి చిన్న పంపు. తమ్ముడు ఇన్నాళ్లూ పీల్చింది మామూలు గాలే.

వంటింట్లో చేపలు కాలుస్తున్న మరదలు ఇకుయో చెవిలో ఆ మాట వేసింది.

"ఆయనకు చెప్పకు వదినా! మనిషి బాగున్నాడుగా, చాలదూ?"

తొకికోకు ఏమీ పాలుపోలేదు. యంత్రం ముందు కూర్చున్నప్పుడే ఇకుయో అతనికి డాక్టరు రాసిన ఫిట్స్ మాత్ర ఇచ్చేది కాబట్టి ఈ ఏడాది ఒక్క మాత్రా తప్పలేదు. సాకే సారా తాగడం మానేశాడు, వేళకు నిద్రపోతున్నాడు. వీటిలో ఏది కాపాడింది? చివరికి దాచలేక, అన్నాలప్పుడు చెప్పేసింది.

కెన్‌సాకు పెద్దగా నవ్వాడు. తర్వాత అతని చేతిలోని అన్నం తినే పుల్లలు ఆగిపోయాయి.

"మరి నన్నేది ఆపిందక్కా?"

"తెలీదురా."

"అంత చదువు చదివి తెలీదా?"

ఆ నెల తిరక్కుండానే అతను తన చాపల కొట్లో ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఇకుయో ఫోనులో ఒకే మాట అంది: "చెప్పొద్దన్నానా వదినా?"

యంత్రం సంగతి తెలిసిన రోజు నుంచి దిగులుతో అతనికి కంటిమీద కునుకు లేదట. నిద్ర లేకపోయినా ఫిట్స్ రావచ్చు, ఊరికే కూడా రావచ్చు అని డాక్టరు మాత్రల మోతాదు పెంచాడు. తను చెప్పడంవల్లే వచ్చిందో, ఎలాగూ రావలసిందే వచ్చిందో తొకికోకు అంతుపట్టలేదు.

"ఏడుపు మొహం పెట్టకు," అన్నాడు కెన్‌సాకు మంచం మీంచి. "ఆ డబ్బా బాగుచేసి పెట్టు."

"దానివల్ల లాభముందో లేదో నాకు తెలీదన్నానుగా."

"నీకు తెలిసేదాకా నేను సాయంత్రాలు ఏం చెయ్యను?"

ఆమె కొత్త పలకలు తెప్పించి బిగించింది. ఈసారి మీటరు ముల్లు లేచింది. మాత్రలు మాత్రం ఒక్కపూట కూడా మానకూడదని తమ్ముడి చేత ఒట్టు పెట్టించుకుంది.

"ఇప్పుడు నిజంగానే వస్తోందా?"

"వస్తోంది."

"వాసనేమీ లేదే?"

"దానికి వాసన ఉండదురా."

కెన్‌సాకు అక్క మొహంలోకి అనుమానంగా చూసి, గొట్టం తగిలించుకున్నాడు.