టైరు లోపలి ముల్లు

ఏసేపుకు నోరు పెద్దది. కర్నూలులో పంక్చర్లు వేసే కుర్రాళ్ల మాట ఎత్తితే చాలు, ఒంటికాలి మీద లేస్తాడు. "స్క్రూడ్రైవరు పెట్టి టైరు ఎక్కిచ్చేటోడు గూడా మెకానిక్కేనా? ట్యూబు నలిగి చస్తాది. బొటనేళ్లతో ఎక్కియ్యల్లప్పా!" అని ముప్పై ఏళ్లుగా అదే పాట. ఆ మాట వరకూ నిజమే, ఒప్పుకోవాలి.

హోటల్లో పిండి రుబ్బే కృపారాణి పొద్దున్నే సైకిలు నడిపించుకుంటూ అతని సైకిలు రిపేరు అంగడికి వచ్చింది. నాలుగు రోజుల్లో ఇది మూడోసారి.

"మళ్లా గాలి పోయింది ఏసేపన్నా. ఈపొద్దు గూడా ఆలస్యమైతే ఇంక పనిలోకి రావద్దంటాండాడు ఓనరు."

"యాడ కంపల్లో తొక్కినావో ఏమో! తప్పు నా మీదికి తోస్తాండావా?"

"నేను రోడ్డు దిగితే ఒట్టన్నా."

గొణుక్కుంటూ ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. నిన్న వేసిన ప్యాచు పక్కనే బుడగలు లేచాయి. అంటే ముల్లు టైరులోనే ఉంది. రెండుసార్లూ లోపల వేలితో తడిమి, ఏమీ లేదని చెప్పింది తనే.

షుగరొచ్చి ఆరేళ్లయింది. ఏడాదిగా వేళ్ల కొసలు మొద్దుబారాయి. డాక్టరు అడిగితే అదేం లేదన్నాడు. పెళ్లాం జీవమ్మ అడిగితే కసిరాడు. ఈ సంగతి బయటపడితే చక్రం చేతికిచ్చేదెవరు? ఇది కాక ఇంకో పని ఏం చేతనవును తనకు? ఆ భయంతోనే కనబడినవాళ్లందరి మీదా ఎగురుతున్నాడు.

ట్యూబుకు ప్యాచు వేసి, టైరు లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. ఈసారి గట్టిగా నొక్కి తిప్పాడు, రెండు చుట్లు. ప్రాణమంతా వేళ్ల మీద పెట్టుకుని వెతికాడు. ఏమీ తగల్లేదు.

"ఏం లేదుపో. నీ కండ్ల ముందరే చూసినా గదా," అన్నాడు.

ట్యూబులో కాస్త గాలి కొట్టి, మడతపడకుండా టైరులో సర్ది, వాల్వును రిమ్ము బొక్కలో దూర్చి, బొటనవేళ్లతో అంచు ఎక్కించసాగాడు. అప్పుడతను చక్రం వైపు చూడడు. చూడాల్సిన పని లేదంటాడు. కృపారాణి ముఖం వైపు చూస్తూ, కుర్రాళ్ల స్క్రూడ్రైవర్లను మళ్లీ తిట్టడం మొదలుపెట్టాడు.

"అన్నా, రక్తం!" కృపారాణి కెవ్వున అరిచింది. "రిమ్మంతా రక్తమన్నా!"

"అయ్యో, యాడ కోసుకున్నావమ్మా?" అంటూ ఏసేపు ఆమె చేతులకేసి చూశాడు.