అంగిలి

కూరలో ఉప్పు చూడటం మా ఇంట్లో నా పని. గరిటెతో కాస్త తీసి అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకుంటాను. ఆ రోజు వేడి చుక్క అంగిలికి తగిలీ తగలగానే నిప్పురవ్వ పడ్డట్టు మండింది. అప్పట్నుంచి ఉప్పు చూడటం మానేశాను. మూడోనాడు ఈయన కంచం పక్కకి జరిపి, "ధ్యాస ఎక్కడ పెట్టి వండుతున్నావు?" అన్నారు. ధ్యాసంతా నోట్లోనే ఉంది.

నా పైవరసలో ముందరి నాలుగూ కట్టుడు పళ్ళు. తొమ్మిదేళ్ళ కిందట, మంచం పట్టిన అత్తగారికి స్నానం చేయిస్తూ సబ్బునీళ్ళలో జారి కుళాయి మీద పడ్డాను. ఆవిణ్ణి మాత్రం పడనివ్వలేదు. ఈయన ఆఫీసు నుంచి వచ్చి, నా నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డ చూసి కూడా, "అమ్మకేం కాలేదుగా?" అన్నారు ముందు. తర్వాత పళ్ళాస్పత్రిలో అంగిలికి అతుక్కునే ప్లాస్టిక్ ప్లేటుకి నాలుగు పళ్ళు బిగించి ఇచ్చారు. పడుకునేటప్పుడు తీసెయ్యమని చెప్పారు కాబట్టి మొదటిరోజు తీసి గ్లాసు నీళ్ళలో వేశాను. తెల్లారి ఈయన నన్ను చూసి, "లేస్తూనే చూడాల్సిన మొహమేనా ఇది" అన్నారు, నవ్వుతూనే. నవ్వుతూ అన్న మాటకి కోప్పడటానికీ వీలుండదు. ఆ తర్వాత ఒక్కనాడూ వాటిని తీసి పడుకోలేదు. స్నానాలగదిలో గడియ పెట్టుకుని కడిగి, మళ్ళీ పెట్టుకున్నాకే బయటికొచ్చేదాన్ని. కష్టాలు పంటి బిగువున భరించాలంటారు. నేను భరించినవి నా పళ్ళతో కూడా కాదు.

అదే గదిలో ఒకరోజు సెల్‌ఫోన్ లైటు వేసి, చేతి అద్దం పట్టుకుని చూసుకున్నాను. ప్లేటు ఎంతమేర ఆనుతుందో అంతమేరా గీత గీసినట్టు ఎర్రగా ఉంది. దాని అంచున చిక్కుడు గింజంత కండ పెరిగి వేలాడుతోంది. వేలితో ముట్టుకుంటే కదిలింది. బకెట్టు బోర్లించుకుని దాని మీద కూలబడ్డాను. "ఎంతసేపు లోపల?" అని తలుపు అవతల నుంచి ఈయన. "వస్తున్నా" అన్నాను.

కాలేజీలో ఎంక్వైరీ కౌంటరు నాది. పొద్దస్తమానం మాట్లాడాలి. "కాస్త నవ్వుతూ చెప్పండి మేడం" అంటాడు సూపర్‌వైజరు. ఒకరు వెళ్ళి ఇంకొకరు వచ్చేలోగా నాలుకతో ఆ గింజని తడుముకునేదాన్ని. ఇవాళ పెరిగిందా, నిన్న ఇంతే ఉందా. మూడు వారాలు అలాగే గడిచాయి. రోగం ఉందంటారేమోనన్న భయం సగమే. పళ్ళు తీసెయ్యమంటారేమోనన్న భయం తక్కిన సగం. నిజానికి రెండోదే కాస్త ఎక్కువ. ఆ సంగతి తెలిసిన రోజు నన్ను చూసి నాకే భయమేసింది. మర్నాడు సెలవు పెట్టి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ చిన్నపిల్లలా ఉంది. లైటు దించి చాలాసేపు చూసింది.

"పడుకునేటప్పుడు తీస్తారా అమ్మా?"

"తియ్యను."

"ఎన్నేళ్ళుగా?"

చెప్పాను. ఆవిడ లైటు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పక్క పంటిలో ఎప్పుడో నింపిన సిమెంటు విరిగి, దాని మొన బుగ్గని గీరుతోందని చెప్పి ముందు దాన్ని అరగదీసింది. "ఈ కండ ప్లేటు ఒరిపిడికి పెరిగిందే అయ్యుంటుంది. కానీ పరీక్ష చెయ్యకుండా ఏమీ కాదని చెప్పలేను. కోసి పంపుతాను. రిపోర్టు పది రోజులకొస్తుంది. అంగిలి మానేదాకా ఆ పళ్ళు ముట్టుకోకండి. మీతో ఎవరైనా వచ్చారా?"

"లేదమ్మా."

మత్తు వదలని నోటితోనే ఇంటికొచ్చి ఈయనకి అంతా చెప్పాను, చెయ్యి అడ్డం పెట్టుకుని. ఈయన విని, "మళ్ళీ ఎప్పుడు పెట్టుకోవచ్చన్నారు?" అన్నారు. రోగం పేరు అడగలేదు. ఆ వెంటనే, "శనివారం మా పెద్దాఫీసరు ఇంట్లో భోజనం. ఆ రెండు గంటలు పెట్టుకో. కావాలంటే మాట్లాడకు" అన్నారు.

మామూలు కండేనని, భయం లేదని రిపోర్టు తర్వాతి వారం వచ్చింది. కానీ శనివారం నాటికి ఆ సంగతి నాకు తెలీదు. అద్దం ముందు ప్లేటు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. పెట్టుకోబోతే పచ్చిపుండు జివ్వుమంది. ఒకవేళ రిపోర్టు చెడ్డదే అయితే, మిగిలిన నాలుగు రోజులూ నోరు మూసుకునే బతకాలా అనిపించింది. దాన్ని డబ్బాలో పెట్టి మూతేశాను.

కారులో ఈయన నా మొహం చూడలేదు. పెదాలు బిగించుకుని కూర్చున్నాను కాబట్టి పెట్టుకున్నాననే అనుకున్నారు. అక్కడ ఆఫీసరు గారి భార్య నా పక్కన చేరి, "మీరేమీ మాట్లాడటం లేదే?" అంది. నేను నోరు తెరిచేలోగానే ఈయన అందుకుని, "మా ఆవిడకి మాటలు తక్కువండీ" అన్నారు.

నోటికి అడ్డం పోబోయిన చేతిని ఒళ్ళోనే నొక్కి పట్టుకున్నాను.

"తక్కువేం కాదండీ," అన్నాను ఆవిడతో, గాలి పోతున్న మాటల్తో, నోరంతా తెరిచి. "తొమ్మిదేళ్ళ కిందట స్నానాలగదిలో పడ్డాను. చెబుతాను, వినండి."