ఏడుపు లేని కథ

ఒడిశాలోని రాయగడ తెలుగు సంఘం హాలు గోడకి అంటించిన కాగితాన్ని ముందు చూసింది కిరణ్మయి కాదు, ఏ భాషలోనూ అక్షరం ముక్క రాని ఆమె అత్తగారు సుభద్రమ్మ. చూసి, దారిన పోయే పెద్దమనిషి చేత చదివించుకుని, రైల్వే క్వార్టర్ గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"కతలు రాయడం నేర్పుతారంట, అమ్మి. ఆదివారం ఆదివారం. డబ్బులు కూడా అక్కర్నేదంట. ఎల్లు."

"నాకేటి కతలొచ్చత్తా?"

"రాకపోతేనే గదా నేర్పీది. నోరైతే ఇప్పవు. రాతలోనైనా సెప్పు."

కిరణ్మయి సరేనంది. ఆ రోజుల్లో ఆమె అన్నిటికీ సరేననేది. భర్త ధనుంజయ్ సంవత్సరీకాలు కూడా అయిపోయాయి. రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసే ఉద్యోగం అతనిది. ఒకనాడు పొద్దున్నే పనిమీద వెళ్లినవాడు అక్కడే గుండె ఆగి పడిపోయాడు. రైల్వే వాళ్లు ఆమెకు ఆఫీసులో ఉద్యోగమిచ్చారు. ఒక బల్ల మీది ఫైలు ఇంకో బల్ల మీదికి చేర్చాలి. చేర్చేది. ఇంటికొచ్చి వండేది. నోటికి రుచన్నది తెలిసేది కాదు. కూరలో ఉప్పు ఒకనాడు రెండుసార్లు పడేది, ఒకనాడు అసలు పడేదే కాదు. సుభద్రమ్మ ఏమీ అనకుండా ఉప్పుడబ్బా పక్కన పెట్టుకుని తినేది.

కాలనీ ఫిర్యాదు ఉప్పు గురించి కాదు. ధనుంజయ్ శవాన్ని ఇంటికి తెచ్చినరోజు కిరణ్మయి ఏడవలేదు. ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని ముందు తాము ఏడ్చి చూపించారు. తరవాత భుజాలు పట్టుకుని కుదిపారు. పక్క క్వార్టర్ అప్పలకొండమ్మ అయితే "ఏడువమ్మి, ఏడిసీ, నేకపోతే గుండెల్లో గడ్డ కట్టీగలదు" అంటూ వీపు మీద చరిచింది కూడా. ఏడుపేమన్నా పొలమారిన మెతుకా, చరిస్తే బయటపడడానికి? రాలేదు. దినాలయ్యాక తలా ఒక మాట అన్నారు. రాయి అన్నారు, ఉద్యోగం వచ్చింది కదా, ఇంక ఏడుపెందుకన్నారు. కిరణ్మయికి అవి వినబడ్డాయి గాని తగల్లేదు. తగిలి ఉంటే బాగుండునని కూడా ఆమెకు తోచలేదు.

కథలు నేర్పే ఆయన కూర్మారావు మాస్టారు. పార్వతీపురంలో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం పొద్దున్న బండికి దిగి, సాయంత్రం బండికి పోయేవారు. సంఘం వారిచ్చే టీ తప్ప ఇంకేమీ పుచ్చుకునేవారు కాదు. ఆయనకి కథలంటే ప్రాణం. కథలు రాసేవాళ్లంటే ఇంకా ప్రాణం. వాళ్లు రాసినవి దిద్దడమంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

మొదటిరోజే ఒక చిక్కు వచ్చి పడింది. కిరణ్మయి పుట్టింది గుణుపురంలో, చదివింది ఒడియా బడిలో. ఇంట్లో మాట్లాడేదీ, తిట్టుకునేదీ, కలవరించేదీ తెలుగే గాని, రాయాలంటే మాత్రం చెయ్యి ఒడియా అక్షరాల మీదికే పోతుంది. అటువైపు తెలుగు ఇళ్లలో ఇదేమీ వింత కాదు. సరుకుల చీటీ దగ్గర్నుంచి మంగళహారతుల దాకా మాట తెలుగు, అక్షరం ఒడియా. మాస్టారికి ఆ గొడుగుల్లాంటి అక్షరాలు ఒక్కటీ తెలియవు.

"పర్వాలేదమ్మా. నువ్వు చదువు, నేను రాసుకుంటాను," అన్నారు. అలాగే జరిగింది. మిగతావాళ్లు నాలుగు ముక్కలు రాసి నలభై సార్లు చదివి వినిపిస్తూ మెప్పులు అడిగేవారు. కిరణ్మయి ఏమీ అడిగేది కాదు. అందుకనే కాబోలు ఆయనకి ఆమె మీద గురి కుదిరింది.

దామంజోడి టౌన్‌షిప్‌లో తెలుగువాళ్లు కథల పోటీ పెట్టారని తెలియగానే మాస్టారు పెళ్లి కుదిరినంత సంబరపడ్డారు. "ఇక్కడ తెలుగు కథ రాసేవాళ్లకి ఇలాంటి అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో! ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. కట్టె, కొట్టె, తెచ్చె అంటే కథ కాదు. చదివినవాడు కంటతడి పెట్టాలి," అన్నారు.

కిరణ్మయి వారమంతా ఆఫీసు నుంచి వచ్చాక కూర్చుని రాసింది. సుభద్రమ్మ పక్కన కూర్చుని ఆ కాగితాలకేసి చూసేది.

"ఏటి రాస్తన్నావు?"

"ఏదో రాస్తన్నాను."

"ఒకపాలి సదివితే ఇంతాను గదా."

"అవ్వనీ అత్తా."

రాసింది చదివి వినిపించగలిగేది కాదు. ధనుంజయ్ పోయిన పొద్దున్న ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాసింది. అతను హడావిడిలో క్యారేజీ గుమ్మం దగ్గరే మరిచిపోయి వెళ్లాడు. సుభద్రమ్మ సంతకు వెళ్లింది. ఇంట్లో తనొక్కర్తే ఉండగా ఫోనొచ్చింది, మనిషి పోయాడని. ఫోన్ పెట్టేసి కిరణ్మయి ఆ క్యారేజీ విప్పి, మొగుడి కోసం వండిన అన్నం మెతుకు మిగలకుండా తినేసింది. గిన్నెలు కడిగి బోర్లించి, అప్పుడు వెళ్లి ఆ తల్లికి కొడుకు పోయాడని చెప్పింది. ఈ సంగతి లోకంలో ఎవరికీ తెలియదు. తెలియవలసినవాళ్లలో మొదటి మనిషి సుభద్రమ్మ. ఆమెకే చెప్పలేదు.

ఆదివారం హాల్లో అందరూ వెళ్లాక ఆమె చదువుతుంటే మాస్టారు రాసుకుంటూ పోయారు. ఆఖరికి వచ్చేసరికి పెన్ను ఆపారు.

"తిన్నదా?"

"తిన్నాది మాస్టారూ."

"తిన్నాక ఏడ్చిందా?"

"లేదు."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. "ఇది నీ కథేనా అమ్మా అని నేను అడగను. కాని లోకం అడుగుతుంది. ఆడదాన్ని లోకం ఊరికే వదలదు," అన్నారు. "చూద్దాం. పంపే పని నాకు వదిలెయ్యి." కిరణ్మయి సరేనంది.

వర్షాలు వెనకపట్టాక కబురొచ్చింది. ఆమె కథకి రెండో బహుమతి. దామంజోడిలో సభ, సభలో సన్మానం. ఆమె కన్నా సుభద్రమ్మే ముందు తయారైంది. "అక్కడైనా సదువుతావు గదా. ఇంతాను," అని పట్టుచీర తీసి కట్టుకుంది. కిరణ్మయికి గుండె దడదడలాడవలసింది. ఏమీ ఆడలేదు. ఒడియా అక్షరాల కాగితాలు మడిచి ఎందుకో బ్యాగులో పెట్టుకుంది. బండి కొండలెక్కి సొరంగాల్లో దూరి బయటపడుతూ ఉంటే, చీకటీ వెలుతురూ ఆమెకు ఒక్కలాగే ఉన్నాయి.

టౌన్‌షిప్ కమ్యూనిటీ హాల్లో సభలకి ఉండవలసినవన్నీ ఉన్నాయి. మైకు కూత, పూలకుండీలు, మొదలుపెట్టడమే గాని ఆపడం తెలియని అధ్యక్షుడు. శాలువాలకి లోటు లేదు. తెలుగు సభలో నీళ్లకి కరువు రావచ్చు గాని శాలువాలకి రాదు. బహుమతి కథలు అచ్చువేసిన చిన్న పుస్తకం అందరికీ పంచారు. కిరణ్మయి తన కథ ఉన్న పేజీ తెరిచి పెట్టుకుంది. తన పేరు ఏదో పోల్చుకోగలిగింది. మిగతాదంతా చీమలబారు.

సభ నడిపిస్తున్న లక్ష్మిప్రియ అక్కడి బళ్లో టీచరు. చక్కటి గొంతు. రెండో బహుమతి దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతుని కొంచెం వణికించింది.

"ఈ కథ చదివి నేను ఆ రాత్రి భోజనం చెయ్యలేకపోయాను. భర్త మరిచిపోయిన క్యారేజీ మూత తీసి, ఒక్క మెతుకైనా ముట్టకుండా, ఆ అన్నం గిన్నెని గుండెలకు హత్తుకుని ఆ ఇల్లాలు భోరున ఏడ్చిన ఏడుపు మన చెవుల్లో ఎప్పటికీ మోగుతూనే ఉంటుంది!"

చప్పట్లు మోగాయి. ముందు వరస ఆడవాళ్లు కొంగులు కళ్లకి అద్దుకున్నారు. కిరణ్మయి తల తిప్పి మాస్టారి వైపు చూసింది. ఆయన వేదిక మీది పూలకుండీనే చూస్తూ కూర్చున్నారు. ఆఖరు దిద్దింది ఆయనేనని అప్పుడు ఆమెకి అర్థమైంది. కోపం రావాలి. రాలేదు. పక్కకి చూస్తే, హాలంతా కళ్లు తుడుచుకుంటున్నా సుభద్రమ్మ మాత్రం తుడుచుకోలేదు. కోడలి మొహంకేసి అదోలా చూస్తోంది.

"రచయిత్రి గారు ఆ చివరి పేజీ తమ గొంతుతో మనకి వినిపిస్తారు," అంది లక్ష్మిప్రియ.

కిరణ్మయి పుస్తకం పట్టుకుని మైకు ముందుకు వెళ్లింది. ఎంతసేపు చూసినా అది చదవడం ఆమె వల్ల కాదు. రాదని చెప్పి దిగిపోవచ్చు. ఇంకెవరైనా చదువుతారు, ఆ ఏడుపు చదువుతారు, అత్త వింటుంది. కాలనీ నోరు మూతపడుతుంది. ఏడ్చిందట పాపం, లోపల్లోపల ఏడ్చిందట అంటారు. అదీ బాగానే ఉంటుంది. కాని ఏడాదికి పైగా అన్నిటికీ సరేనంటూ వచ్చిన మనిషికి ఆ ఒక్కదానికి సరేననడానికి నోరు రాలేదు. తను ఏడవలేదు, తిన్నది. ఆ రోజున తను చేసిన పని అదొక్కటే. అదీ తీసేస్తే ఆ రోజు తను ఆ ఇంట్లో లేనట్టే.

పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, బ్యాగులోంచి తన కాగితాలు తీసింది.

"నాకు తెలుగు అచ్చరాలు రావండీ. నేను రాసింది ఇది," అని చదవడం మొదలుపెట్టింది.

"ఫోన్ పెట్టీసినాది. గుమ్మంకాడ క్యారేజీ ఉన్నాది. ఆకలేసింది. అలాటప్పుడు ఆకలెయ్యకూడదని తనకీ తెలుసు. ఏసింది. కింద కూకుని మూత తీసి అన్నం తిన్నాది. ఆవ పెట్టిన అరటికాయ కూర తిన్నాది. పెరుగన్నం తిన్నాది. గిన్నెలు కడిగి బోర్లించినాది. అప్పుడు సంతకెల్లి అత్తకి సెప్పినాది. ఏడుపు రానేదు. ఇప్పటికీ రానేదు."

కాగితాలు మడిచింది. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో దగ్గారు. "చాలా సహజంగా చదివారు," అంది లక్ష్మిప్రియ తడబడుతూ, అధ్యక్షుడికి శాలువా అందించింది. ఒకసారి మడత విప్పిన శాలువా కప్పక తప్పదు కదా. కప్పారు.

వసారాలో మాస్టారు ఎదురొచ్చారు. ఆయన మొహం వడిలిపోయి ఉంది. "నిన్ను ఎవరూ ఒక మాట అనకూడదనుకున్నానమ్మా. అంతే."

"తెలుసు మాస్టారూ."

"చదివింది బాగుంది," అన్నారాయన. ఇంకేదో దిద్దబోయి మానుకున్నట్టు పెదవులు కదిలాయి. వెళ్లిపోయారు.

సుభద్రమ్మ హాల్లోనూ ఏమీ అనలేదు, స్టేషన్లోనూ అనలేదు. సంఘం వాళ్లిచ్చిన పులిహోర పొట్లాలు ఒళ్లో పెట్టుకుని సాయంత్రం బండిలో కిటికీ పక్కన కూర్చుంది. కిరణ్మయి ఎదురుగా కూర్చుంది. తిడుతుందనుకుంది. శాపనార్థాలు పెడుతుందనుకుంది. పెట్టినా సరే అనుకుంది. బండి మొదటి సొరంగం దాటాక ముసలామె నోరు విప్పింది.

"క్యారేజీ సంగతి నాకు ఆవేళే తెలుసు."

కిరణ్మయి తలెత్తి అత్త వైపు చూసింది.

"సంతకెల్తూ నానే కదా దాన్ని పక్కకి జరిపినాను, కాలికి తగులుతాదని. నిండుగా బరువుగా ఉన్నాది. తిరిగొచ్చి సూద్దును గదా, కడిగి బోర్లించీసున్నాది. ఇంట్లో నువ్వు కాక ఎవులున్నారు?"

"మరి అడగనేదేటత్తా?"

"ఏటని అడుగుతాను? నువ్వే సెప్తావని సూసినాను. ఈ కతలూ గితలూ ఎందుకనుకున్నావు, నిన్ను తోలింది?" కిటికీ వైపు తిరిగింది. "ఆ సదువులమ్మ ఏదో ఏడుపంటుంటే, ఓలమ్మా, ఇక్కడా సెప్పదు గావాల అనుకున్నాను."

బండి ఇంకో సొరంగంలో దూరింది. చప్పుడు చెవులు నింపేసింది. వెలుతురులోకి వచ్చాక చూస్తే సుభద్రమ్మ చెంపలు తడిసి ఉన్నాయి.

"తింటే తిన్నావు, తప్పనను. ఆకలికేటి తెలుసు? గానీ ఆడి కోసం వండిన ఆకరన్నం అది. నాకో ముద్ద ఉంచకపోనావా, అమ్మి?"

ఆ మాట కిరణ్మయికి తగిలింది. కాలనీ అంతా కలిసి ఏడాదిపాటు విసిరినా తగలనిది, ఈ ఒక్క ముద్ద మాట తగిలింది. సిగ్గేసింది. ఆ రోజున ఆ ఇంట్లో ఇంకొక ఆకలి ఉంటుందని తనకి తట్టనే లేదు.

కిరణ్మయి వంగి అత్త ఒళ్లోంచి ఒక పొట్లం తీసి విప్పింది. ముద్ద చేసి మొదటిది సుభద్రమ్మ చేతిలో పెట్టింది. ముసలామె దాన్ని కాసేపు అలాగే పట్టుకుని చూసి, నోట్లో పెట్టుకుంది. రెండో ముద్ద కిరణ్మయి తిన్నది. నమిలి, ఆగిపోయింది.

"ఉప్పెక్కువైందత్తా," అంది.

సుభద్రమ్మ నమలడం ఆపి కోడలి మొహంకేసి చూసింది.

"అవును," అంది. "ఎక్కువే." మళ్లీ చెయ్యి చాపింది.