రూతు ఆంటీ చూపుడువేలు

ఆ శని, ఆదివారాల్లో నేను చేయవలసిన పనులు ఇవి. కంప్యూటర్‌లో ఉన్న నూట పన్నెండు మంది పేర్లు సరిచూడాలి. ఊరు మారిపోయినవాళ్ల వేలిముద్రలు తీసేయాలి. ఒకే మనిషి రెండుసార్లు ఎక్కి ఉంటే ఒక్కటే ఉంచాలి. సోమవారం లోపల చర్చి ఇన్సూరెన్స్ కంపెనీకి పిల్లల భద్రత మీద రిపోర్ట్ పంపాలి. ఆరాధన తర్వాత అందరం కలిసి తినే ప్రేమవిందుకి ఆర్డర్ చేసిన బిర్యానీ ట్రేలు తేవాలి. ఆఖరిది, రూతు ఆంటీకి డ్రైవింగ్ రాదు గనుక ఆమెను చర్చికి తీసుకురావాలి.

మా తెలుగు చర్చి హెర్న్‌డన్ అనే అమెరికా ఊళ్లో ఉంది. నేను పక్కనున్న ఆష్‌బర్న్‌లో ఒక డేటా సెంటర్‌లో పని చేస్తాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఆ సంగతి చర్చిలో తెలిశాక ప్రొజెక్టర్, మైకు, ప్రింటర్, నర్సరీ తలుపు దగ్గరి వేలిముద్రల మిషన్ అన్నీ నాకే వచ్చాయి. కాదనడం నాకు రాదు.

మిషన్ పని తేలిక. ఆరాధన జరుగుతున్నంతసేపూ చిన్నపిల్లలు నర్సరీలో ఉంటారు. అయిపోయాక తల్లో తండ్రో వచ్చి ఫోన్ నంబరు కొట్టి వేలు పెట్టాలి. ఆ నంబరు కింద దాచి ఉన్న వేలే అయితే పచ్చలైటు వెలిగి తలుపు తెరుచుకుంటుంది. వేరే ఎవరైనా వచ్చి పిల్లను ఎత్తుకుపోకుండా ఈ ఏర్పాటు.

లోపల పదకొండేళ్లుగా పిల్లల్ని చూస్తున్నది రూతు ఆంటీ. చీరాలలో ఆసుపత్రి ఆయాగా చేసి వచ్చిన మనిషి. రెండేళ్ల అనిక ఆమె భుజం మీద తప్ప ఇంకెక్కడా ఏడుపు ఆపదు. ఆంటీ మరో నెలలో ఫ్రీమాంట్‌లో ఉన్న కూతురు ప్రిస్సిల్లా దగ్గరికి మారిపోతోంది. ఇంకా నాలుగు ఆదివారాలున్నాయి. ఆ నాలుగూ నర్సరీలోనే ఉండాలన్నది ఆమె కోరిక. వేరే ఏమీ అడగలేదు. వీడ్కోలు కేక్ కూడా వద్దంది.

శనివారం ఒకే మనిషి రెండుసార్లు ఎక్కారేమో వెతకమని కంప్యూటర్‌కి చెప్పాను. రెండు నిమిషాలు ఆలోచించి, నలభై ఒక్కమంది ఒకే మనిషి అని తేల్చింది. అందరినీ కలిపి ఒకటి చేయమంటారా అని అడిగింది. నేను ఏమీ నొక్కకుండా లేచి కాఫీ పెట్టుకున్నాను.

ఏం జరిగిందో కాఫీ అయ్యేలోగా అర్థమైంది. కిందటి అక్టోబర్‌లో అందరి ముద్రలూ ఒకేరోజు తీసుకున్నాము. ఒక్కొక్కరు రెండుసార్లు వేలు పెట్టాలి. ఎంత గట్టిగా నొక్కాలో ఎవరికీ తెలియలేదు. రూతు ఆంటీ మిషన్ పక్కనే నిలబడి, “ఇట్టా పెట్టాలి నాన్నా, కాస్త ఎడమకి వంచి, అదమబాక” అని తన వేలు పెట్టి చూపించింది. మిషన్ ఆ వేలినే మొదటి ముద్రగా తీసుకుంది. తర్వాత అసలు మనిషి పెట్టిన వేలు రెండో ముద్ర అయింది; రెండింటిలో ఏది పెట్టినా తలుపు తెరుచుకుంటుంది. మిషన్ పాపం ప్రతిసారీ, ఈ రెండూ ఒకరివి కావు, మళ్లీ మొదలుపెట్టండి అని కూసింది. వరసలో అరవై మంది ఉన్నారు. బిర్యానీ చల్లారిపోతోంది. రెండు ముద్రలూ సరిపోల్చే ఆ తనిఖీని నేను ఆపేశాను. తర్వాత ఆన్ చేద్దామనుకున్నాను. ఇప్పుడు జూన్.

ఈ ఎనిమిది నెలలూ మిషన్ చాలా బాగా పనిచేసింది. చలికాలంలో చేతులు పొడిబారి ఎవరి వేలైనా పడకపోతే ఆంటీ లోపలినుంచి వచ్చి, “ప్రభువా” అని తన వేలు పెట్టేది. పచ్చలైటు వెలిగేది. ఆమె చేతిలో అభిషేకం ఉందని ఒక సహోదరి సాక్ష్యం కూడా చెప్పింది. మేమందరం ఆమెన్ అన్నాము. డేటాబేస్‌ల మీద జీతం తీసుకునే నేను కూడా అన్నాను.

ఆదివారం పొద్దున కార్‌లో ఆంటీకి చెప్పాను.

“అయితే ఆ నలభైమంది కిందా నా వేలుందంటావా?”

“అవునాంటీ, మీ సొంత పేరు కాక. వాళ్ల పిల్లల్లో ఎవరినైనా మీరు తీసుకుపోవచ్చు.”

“ఏడకి తీసుకుపోతాను నాన్నా? నాకు కారు కూడా లేకపాయె.”

“పాయింట్ అది కాదాంటీ. రికార్డ్ ప్రకారం మార్చి రెండో తారీఖున మీరు పదిహేడుమంది పేరెంట్స్‌లాగా పదిహేడుమంది పిల్లల్ని ఇంటికి తీసుకెళ్లారు.”

“ఆ రోజు మధ్యాన్నం నేను పప్పుచారు పెట్టుకొని పడుకున్నానే” అంది ఆంటీ. తర్వాత ఒళ్లో బైబిల్ మీద తన వేలు పెట్టి పరీక్షగా చూసుకుంది. “నర్సరీలోకి రానిస్తారా ఇయ్యాళ?”

“ఇవాళ రానిస్తారు.”

“వచ్చేవారం?”

నేను ఇండికేటర్ వేసి లేన్ మారాను.

ఆరాధన అయ్యాక చర్చి వంటగదిలో ముగ్గురం కూర్చున్నాము. పాస్టర్ ఆనందబాబు గారు, కమిటీ సెక్రటరీ ఫెబీ అక్క, నేను. ఇన్సూరెన్స్ కంపెనీ ఫారం నా ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉంది. అది తప్పుడు ముద్రలు ఎన్ని అని అడిగి ఊరుకోలేదు. ఎవరి ముద్ర, ఎందుకు అలా జరిగింది అని కూడా అడిగింది. కారణం రాయకపోతే ఆ వేలిముద్ర గల మనిషి ఇతరుల పేర్లతో తలుపు తీసినట్టు లెక్క, ఇక పిల్లల దగ్గర పని చేయకూడదు అని కింద ఉంది.

“నలభై డిలీట్ చేసేసి, క్లీనప్ డన్ అని పంపెయ్ బ్రదర్. ఎవడు చూస్తాడు?” అంది ఫెబీ అక్క.

“చూడ్డానికే అడుగుతున్నారక్కా. డిలీట్ చేసినా, ఏ వేలు ఎప్పుడు తలుపు తీసిందో లాగ్‌లో ఉంటుంది.”

“ఆ లాగ్ కూడా డిలీట్ చెయ్.”

“ఫెబీ,” అన్నారు పాస్టర్ గారు, “ఇందాక నేను దేని మీద ప్రసంగం చేశాను?”

“సత్యం మీద అయ్యగారు.”

“ఎంతసేపు?”

“యాభై నిమిషాలు.”

“మరి.”

ఫెబీ అక్క పెరుగుచట్నీ గిన్నెకి మూత పెట్టింది. “సరే, మెషీన్ ఎర్రర్ అని రాద్దాం. సగం నిజమే కదా.”

మిషన్ తప్పు ఏమీ లేదు. నేను ఆపేలోగా అది ఎనభైసార్లయినా చెప్పి ఉంటుంది. పక్క హాలులో అనిక ఏడుపు, దాని మీద ఆంటీ పాట వినిపించాయి. ఏడుపు ఆగింది. పాట ఆగలేదు.

కారణం అన్న గడిలో నేను ఇలా రాశాను: “రెండు ముద్రలూ ఒకే మనిషివా అని చూసే తనిఖీని అక్టోబర్‌లో నేను ఆపాను. క్యూ పొడుగ్గా ఉండటం వల్ల. తిరిగి పెట్టలేదు. వేలు ఎలా పెట్టాలో చూపించిన వాలంటీర్ తప్పు ఏమీ లేదు.” కింద నా పేరు, వినయ్ కుమార్, ఉద్యోగం రాశాను. ఉద్యోగం పేరు రాసేటప్పుడు మాత్రం కొంచెం చిన్న అక్షరాలు ఉంటే బాగుండుననిపించింది.

“బిర్యానీ సంగతి రాయలేదేం?” అన్నారు పాస్టర్ గారు.

“గడిలో చోటు లేదండి.”

గురువారం జవాబు వచ్చింది. కారణం అంగీకరించారు. మిషన్ చూసే బాధ్యతనుంచి నన్ను తీసేయమన్నారు. నలభై ఒక్కమందీ మళ్లీ ముద్రలు వేయాలి. అవి సరిగ్గా పడితే ఆ వాలంటీర్ పనిలో ఉండవచ్చు.

ఆ ఆదివారం ముద్రలు తీసుకునే పని ఫెబీ అక్కది. నేను ఆరడుగుల దూరంలో నిలబడ్డాను. మొదటి వంతు రూతు ఆంటీది. ఎలా పెట్టాలో చూపించడానికి ఫెబీ అక్క తన వేలు చాచబోయింది.

“నువ్వు పెట్టబాకమ్మా,” అంది ఆంటీ. “చేతులు ఎనక్కి కట్టుకో. నోటితో చెప్పు.”

ఫెబీ అక్క చేతులు వెనక్కి కట్టుకుంది. వరసలో ఉన్న నలభైమందీ, ఎందుకైనా మంచిదని, కట్టుకున్నారు. ఆంటీ వేలు రెండుసార్లు పడింది. తనిఖీ ఆన్‌లోనే ఉంది. పచ్చలైటు వెలిగింది. ఆంటీ నర్సరీలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మిగిలిన ఆ మూడు ఆదివారాలూ అక్కడే ఉంది.

మా చర్చిలో ఒక నియమం ఉంది. ఎవరైనా ఊరు మారితే ముప్పై రోజుల్లో వాళ్ల ముద్ర, పేరు, నంబరు, తలుపు తీసిన తారీఖులు అన్నీ తుడిచేయాలి. అవసరం తీరిన వేలిముద్రను దాచుకునే హక్కు మనకు లేదు. ఆ నియమం రాసింది నేనే. ఇప్పటికీ అది సరైనదే అంటాను.

ఆంటీ వెళ్లిన ఇరవై తొమ్మిదో రోజున ఫెబీ అక్క ఫోన్ చేసింది.

“బ్రదర్, రూతు ఆంటీది ఎలా తీయాలి? నాకు రావట్లేదు.”

నాకు ఇప్పుడు పాస్‌వర్డ్ లేదు. ఎక్కడెక్కడ నొక్కాలో ఒక్కొక్కటే చెప్పాను.

“నిజంగా తీసేయాలా అని అడుగుతోంది.”

“అవునని నొక్కండక్కా.”

“మళ్లీ అడుగుతోంది.”

“రెండుసార్లు అడుగుతుంది. అది తనిఖీ.”

“పోయింది” అంది అక్క. వెతికి చూడమన్నాను. ఆ పేరుతో ఎవరూ లేరని వచ్చిందట. పదకొండేళ్లు పిల్లల్ని ఎత్తుకున్న మనిషి మా రికార్డులో ఎన్నడూ లేనట్టే అయింది. పని సరిగ్గా జరిగిందనడానికి గుర్తు అదే.

మేము దాచుకోకూడదు. మీకు అలాంటి నియమం ఏమీ లేదు. అందుకని, వీలైతే, రూతు ఆంటీని మీరు గుర్తుపెట్టుకోండి. కుడిచెయ్యి, చూపుడువేలు. కాస్త ఎడమకి వంచి, అదమకుండా పెట్టేది.