తవిటినాయుని శేషము

ముదిమిలో అక్షరములు దిద్దినదానను. వర్ణదోషములు దొర్లవచ్చును, నడకయు మందము. చదువరులు మన్నింతురు గాక.

శ్రావణమేఘములు సముద్రమునుండి లేచి విశాఖపట్టణపు కొండలను నల్లగొంగళ్లవలె కప్పి పట్టపగటిని సంజగా మార్చి వీధులను ఏఱులుగా పాఱించుచున్న ఒకనాఁడు, క్యాన్సరు పరిశోధనాలయపు వాకిట తడిసిన చెఱఁగు పిండుకొనుచు అసిరమ్మ నిలిచియుండెను. జనపనార మిల్లు కార్మికుఁడును పరమభాగవతుఁడును అయిన ఆమె పెనిమిటి తవిటినాయుఁడు ఊపిరితిత్తుల వ్యాధిచే గతించి వారమైనను కాలేదు. ఆసుపత్రి కాగితములకై పోయిన మరిది గౌరునాయుఁడు, అన్న బ్రదికియుండఁగా సమ్మతించి యిచ్చిన కంతిముక్కలోని కణములు ఇచ్చట నేఁటికిని పెరుగుచున్నవని విని, నిద్రాహారములు మాని వదినెను వెంటఁబెట్టుకొని వచ్చెను.

పరిశోధకురాలు విశాలాక్షి మనుష్యదేహమంతటి వెచ్చదనముగల పేటికనుండి చిన్న సీసా తీసి సూక్ష్మదర్శని క్రింద నుంచెను. అసిరమ్మ కన్నానించి చాలసేపు చూచెను.

"ఏటి పెట్టి పెంచుతున్నారమ్మా?"

"పోషకాలు కలిపిన నీళ్లమ్మా. అందులో దూడ నెత్తుటి నుంచి తీసింది కొంత ఉంటుంది."

"బతికున్నన్నాళ్లూ నీసు ముట్టనోడు," అని గౌరునాయుఁడు పెదవి విఱిచెను. "సచ్చాక మప్పుతున్నారా మా అన్నకి?"

అసిరమ్మ తల యెత్తలేదు. "ఇది ఆయనేనా, ఆయన్ని తినీసినదా?"

విశాలాక్షి ఆమె ప్రక్కకు వచ్చి కూర్చుండెను. "రెండూనమ్మా. పుట్టుకతో వచ్చిన ఆయన జన్యువులే. వాటి నడత మారిపోయింది."

జన్యువు లొంటరిగా బ్రదుకవు. ఒకటి యొకదానికి ఆజ్ఞయిచ్చును, మఱియొకటి వేఱొకదానిని అడ్డగించును. తవిటినాయునికిచ్చిన మందు వానిలో నొకదాని నోరు మూయఁగా మూఁడు నెలలు కంతి కరఁగెను. పిదప పొరుగునున్న జన్యువు ఆ యధికారమును అందుకొనఁగా వ్యాధి రెట్టించి ఆయనను కబళించెను. దేని నోరు మూసినచో తక్కినవేవియు దాని పనిని అందుకొనలేవో ఆ యొక్కదానిని కనుఁగొని దానికి మందు కూర్చవలెనని విశాలాక్షి శ్రమించుచుండెను. అందులకై ఆ కణములను బ్రదికించి చంపి మరల బ్రదికించి చంపవలసియుండెను.

"ఇక్కడ మేత మేస్తంటే అక్కడ పిండం ఎవులికి పెడతాం ఒదినా?" అనెను గౌరునాయుఁడు. "బతికున్నోడికి కర్మ సేత్తారేటి? తగలెట్టీమను."

"మీరు వద్దంటే ఇప్పుడే ఆపేస్తానమ్మా," అని విశాలాక్షి అసిరమ్మను చూచి పలికెను.

"ఇంకొకలికి పనికొస్తాదా?"

"రావచ్చు. రాకపోవచ్చు."

అసిరమ్మ వానలోనికి నడిచిపోయెను.

పదియవనాఁడు ఏటిగట్టున పిండము సిద్ధమైయుండఁగా గాజులు తీయుటకై విధవలము కొందఱము ఆమెచుట్టుఁ జేరితిమి. అప్పుడామె మరిదిని పిలిచి, "డాక్టరమ్మకి ఉంచీమని సెప్పీసినాను," అనెను.

గౌరునాయుఁడు దర్భను నేలఁ బడవైచెను. "అయితే నా సేత్తో పిండం పెట్టను. మనిసి బతికే ఉన్నాడు."

అసిరమ్మ మాకు చాఁచిన చేతులను వెనుకకుఁ దీసికొనెను. "నువ్వే అన్నావు గదా. బతికున్నోడి పెళ్లాంకి గాజులెలా తీత్తారు?"

ఆ గాజులకై చాఁచిన మొదటి చేయి నాది. దానిని ముడుచుకొని ఆమె మొగముఁ జూచితిని. వాదమున గెలిచినదాని మొగము గాదది. వలచినవానిని నిలుపుకొంటినో, వానిని తిన్నదానికి నేనే మేత వేయించుచుంటినో యని తనలోఁ దాను అడుగుకొనుచు, ఇఁక నెన్నటికిని ఆ ప్రశ్ననుండి విడుదల లేదని తెలిసికొన్న యాఁడుదాని మొగము.

ఇట్లు,
కిల్లాన పారమ్మ, అఱువదియెనిమిదేండ్లు,
ప్రస్తుత నివాసము విజయనగరము.