దాది సమాధి

రాజుగారి మనిషి వచ్చేసరికి నేను గొర్రెల దొడ్డికి తడిక అల్లుతున్నాను. అతను గుర్రం దిగకుండానే అడిగాడు.

"తడికల ఆస్బర్ట్ నువ్వేనా?"

"నేనే దొరా."

"మన రాజుగారికి పాలిచ్చిన దాది హవీస్ నీ భార్యే కదా. ఆవిణ్ణి పాతిపెట్టిన చోటు చూపించాలి."

చూపిస్తే ఏం చేస్తారని అడిగాను. ఆ మనిషి పేరు ఫుల్క్. మెత్తగానే చెప్పాడు. రాజుగారికి పట్టాభిషేకమై ఏడాది కాలేదు. తనకు పాలిచ్చిన తల్లిని మరవలేదట. ఆమె ఎముకలు తీయించి మఠంలో పెట్టిస్తారట. పైన రాతిపలక, దాని మీద పేరు, ఆరని దీపం. రోజూ తెల్లవారగానే సన్యాసులు పూజలో ఆమె పేరు తలుస్తారు.

"అదృష్టవంతుడివయ్యా! రేపు పొద్దున్నే వస్తాం. పారలు సిద్ధంగా ఉంచు," అన్నాడు.

పాతికేళ్ళ కిందట కూడా నన్ను అదృష్టవంతుడనే అన్నారు.

అప్పుడు పెద్ద రాణిగారు మా ఊరి అవతల వేటబంగళాలో నెలలు నిండకుండానే కొడుకును కన్నారు. దాది కావాల్సి వచ్చింది. ఊళ్ళో పాలున్న ఆడవాళ్ళందరినీ వరసగా నిలబెట్టారు. వైద్యుడు ఒక్కొక్కరి పాలచుక్క తన గోటి మీద వేసుకుని చూశాడు. జారిపోతే పలచన, కదలకపోతే మరీ చిక్కన. హవీస్ చుక్క ముత్యంలా నిలబడి, వేలు వంచాక మెల్లగా కదిలింది. ఆ చుక్కే నా కొంప ముంచింది. అప్పటికి మా పిల్ల ఆల్డిత్‌కు రెండు నెలలు.

దాది దగ్గరికి మొగుడు రాకూడదని నియమం. వస్తే పాలు చెడతాయట. రెండేళ్ళు కావలివాడు నాకు ఈటె అడ్డం పెట్టాడు. ఆల్డిత్‌కు మేకపాలు పట్టాను. నాలుగో నెలలో పోయింది. కబురు పంపితే హవీస్‌కు చెప్పనివ్వలేదు. ఏడిస్తే పాలు తగ్గుతాయన్నారు.

మా వీధిలో బీరు అమ్మే గున్నోరా నన్ను చూసినప్పుడల్లా గుమ్మంలోకి వచ్చేది.

"ఏం ఆస్బర్టూ! నీ పెళ్ళాం పక్కలో రాజకుమారుడు, నీ పక్కలో మేకా?"

బీరు తాగేవాళ్ళంతా నవ్వేవాళ్ళు. దాన్ని నేను క్షమించలేదు.

రెండేళ్ళ తర్వాత హవీస్ తిరిగొచ్చింది. వాకిట్లో ఆడుకునే పిల్ల కోసం చుట్టూ చూసింది. నేను చర్చి ఆవరణలోకి తీసుకెళ్ళి యూ చెట్టు పక్కన నేల చూపించాను. అక్కడే కూలబడింది. ఆ ఏడుపు నేను చూశాను, కాదనను. కానీ చలికాలం వచ్చి పొయ్యి ముందు కూర్చుంటే ఆమె నోట వచ్చేది ఆ రాజుబిడ్డ కబుర్లే.

"పాలు మాన్పించడానికి చేదాకు రాసుకున్నానయ్యా. మూడు రోజులు నా మొహం చూసి ఏడ్చాడు పాపం."

"మన పిల్ల ఎన్ని రోజులు ఏడ్చిందో అడగవేం?"

హవీస్ లేచి పొయ్యిలో కట్టె ఎగదోసేది. ఆ పిల్లాడి నారబట్ట టోపీ ఒకటి తెచ్చుకుంది, పిడికిలంత. పోయిన రోజు కూడా అది ఆమె దిండు కిందే ఉంది. పద్నాలుగేళ్ళు నా పక్కన పడుకుని, ఆ టోపీ మీద తల పెట్టుకుంది.

ఆమె పోయి తొమ్మిదేళ్ళు. ఆల్డిత్ పక్కనే పాతిపెట్టాను. మావంటివాళ్ళకు రాళ్ళుండవు. కర్ర సిలువ నాలుగు చలికాలాల్లో పుచ్చిపోతుంది. అప్పటి పాదిరి కూడా పోయాడు. ఆ చోటు ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి తెలుసు. రాజుగారి మనుషుల ముందు నోరు విప్పేవాడు మాత్రం మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

ఆ రాజు ఆమెను ఒకసారి తీసుకుపోయాడు. రెండోసారి ఇవ్వను అనుకున్నాను.

పొద్దున్నే ఫుల్క్ వచ్చాడు. వెంట నలుగురు మనుషులు, పట్టుగుడ్డ కప్పిన పెట్టె. నేను యూ చెట్టు దాటించి, ఉత్తరపు గోడ వార నేల చూపించాను. అక్కడ ఉన్నది గున్నోరా. హవీస్ పోయిన ఏడాదే అదీ పోయింది. దానికి నా అన్నవాళ్ళు లేరు. రాజపరివారం మా ఊరి మీదుగా వెళ్ళినప్పుడల్లా వంటవాళ్ళు దాని కోళ్ళు పట్టుకుపోయేవాళ్ళు. "నా కోడి ఎముక ఈ వంశం గొంతుకు అడ్డంపడ!" అని వీధిలో నిలబడి తిట్టేది.

"ఇదేనని రుజువేంటి?" అన్నాడు ఫుల్క్.

నేను హవీస్ దాచుకున్న ఆ పసివాడి టోపీ తీసి ఇచ్చాను. అతను తన టోపీ తీసి తల వంచాడు.

తవ్వారు. పుర్రెకు ముందుపళ్ళు రెండు లేవు. ఫుల్క్ నావైపు చూశాడు.

"మీ రాజుగారే దొరా. పసితనంలో వెండి గిలక్కాయతో కొట్టారు."

అతని కళ్ళు చెమ్మగిల్లాయి. "ఈ మాట ఆయనకు చెబుతాను. సంతోషిస్తారు," అన్నాడు.

టోపీని పుర్రె పక్కన పెట్టి, పట్టు కప్పి, గున్నోరాను మఠానికి మోసుకుపోయారు. ఆ రోజు రెండు రొట్టెలు తిన్నాను.

ఉపవాసాల కాలంలో కొత్త పాదిరిగారి ముందు మోకరించి పాపం చెప్పుకున్నాను. తల్లినీ పిల్లనూ విడదీయడం ఇష్టంలేక చేశానన్నాను. ఆయన నమ్మాడు. నేను నమ్మలేదు.

"మూర్ఖుడా! పూజ పేరుకు చేరుతుంది, ఎముకకు కాదు. హవీస్ పేరున మఠంలో రోజూ పూజ జరుగుతోంది. రాజుగారు ఎక్కడున్నా ఆ వేళకు మోకరిస్తున్నారట."

నాకు ఒళ్ళు మండింది. ఎముకలు నాకు దక్కాయి, పేరు వాడికి దక్కింది.

"మానేయమని చెప్పలేమా?" అన్నాను.

"ఏమిటీ? నీ భార్య మోక్షానికి ముందు పాపాలు కాలే ఆ ఉత్తరించు స్థలంలో ఇంకా కాలాలనా నీ కోరిక?"

ఆయన అంతటితో ఆగలేదు.

"మరి గున్నోరా గతేంటి? పేరు లేకుండా పోయింది. దానికోసం ఎవరు ప్రార్థిస్తారు?"

"దానికెవరూ లేరండీ."

"నువ్వున్నావుగా. బతికున్నంత కాలం, రోజూ దాని పేరున ప్రార్థించు. అదే నీ ప్రాయశ్చిత్తం."

నా పెళ్ళాం కోసం రాజు ప్రార్థిస్తున్నాడు. నేను కోళ్ళ గున్నోరా కోసం ప్రార్థిస్తున్నాను. పైన ఎక్కడున్నా అది ఇంకా నవ్వుతూనే ఉంటుంది.

దక్షిణపు గాలి వీస్తే మఠం గంట మా ఊరికి వినబడుతుంది. నేను అంతకుముందే లేస్తాను. యూ చెట్టు దగ్గరికి వెళ్ళి హవీస్ పేరు పైకి అంటాను, తర్వాత ఆల్డిత్ పేరు. వాళ్ళకంటే ముందు నేనే అనాలి. గున్నోరా వంతు గంట కొట్టాక.