డబరాగాడి అసలు పేరు

సత్యవేడు సెంటర్లో బస్సు దిగగానే కృపామణికి తమ్ముడు కనిపించాడు. కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నవ్వుతున్నాడు. కింద పెద్ద అక్షరాలతో ‘మా డబరా అన్నకు కన్నీటి వీడ్కోలు’ అని వేయించారు. అసలు పేరు ఎక్కడా లేదు.

ఆ పేరు పెట్టింది ఆమే. చిన్నప్పుడు ప్రేమానందం అన్నం వండే డబరాను నెత్తిన బోర్లించుకుంటే అది ముక్కు దాకా దిగి ఇరుక్కుపోయింది. చివరికి గిన్నెలకు మాట్లు వేసే ఆయన వచ్చి కత్తిరించాల్సి వచ్చింది. పిల్లాడి ముక్కు గీరుకుపోయినందుకు కాదు, డబరా పోయినందుకు వాళ్ళమ్మ ఏడ్చింది. తిరుపతిలో టీచరుగా చేరిన కొత్తలో కృపామణి ఆ సంగతి కథగా రాసి పిల్లల పత్రికకు పంపింది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఇక వదులుతుందా? డబరాగాడు బావిలో పడ్డాడు, దున్నపోతునెక్కాడు, పెళ్ళివారి లడ్డూలన్నీ మెక్కి వాంతి చేసుకున్నాడు. పుస్తకం మీద పుస్తకం వచ్చింది. అక్కకు శాలువాలు దక్కాయి, తమ్ముడికి ఆ పేరు దక్కింది.

సత్యవేడు నుంచి తడకు షేర్ ఆటో తోలుకునే మనిషి. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అందరూ డబరా అనే పిలిచేవాళ్ళు. మొదట్లో వాడూ నవ్వేవాడు. ఒకసారి అక్క సన్మానానికి వెళితే నిర్వాహకులు వాణ్ణి స్టేజీ ఎక్కించి, నెత్తిన డబరా పెట్టి ఫోటోలు తీశారు. అప్పుడూ నవ్వాడు గానీ, భోజనం చెయ్యకుండా బస్సెక్కేశాడు. కూతురు జెస్సీ బడికి పోయే వయసుకొచ్చాక ఒకరోజు అక్క ఇంటికొచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

“అక్కా, ఆ పిల్లోడ్ని ఇంక సాలించు. బళ్ళో నా కూతుర్ని గూడా డబరా కూతురంటా ఉండారు.”

సరేనంది. మనస్ఫూర్తిగానే అంది. కానీ పుస్తకాలు వేసే ఆయన ఊరుకోలేదు, పిల్లల ఉత్తరాలు ఆగలేదు. నిజం చెప్పాలంటే, వాడు లేకుండా రాయడం ఆమెకు చేతకాలేదు. ఇంకో రెండు పుస్తకాలు వచ్చాయి. తమ్ముడు పోట్లాడలేదు, రావడం మానేశాడంతే. ఫోను చేస్తే వాడి భార్య రూతు ఎత్తి, బండి మీద ఉన్నాడనేది. నిన్న రూతే చేసింది, గుండె ఆగిపోయిందని.

ఫ్లెక్సీ కట్టించిన మునికుమార్ అక్కడే ఉన్నాడు, తమ్ముడితో పాటు ఆటో తోలినవాడు. పొద్దుట్నుంచీ ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. దాన్ని దించేసి సరైన పేరుతో ఇంకొకటి వేయించమని కృపామణి బతిమాలింది. అతనికి ఆ మాటే అర్థం కాలేదు.

“ప్రేమానందం అనేస్తే ఎవురొస్తారక్కా? ఇన్నేండ్లు పక్కపక్కన బండ్లు పెట్టుకున్యాం, ఆ పేరు నాకే ఈ పొద్దు తెలిసింది.”

సమాధుల దగ్గర పాస్టరు ‘మన సహోదరుడు ప్రేమానందం’ అన్నప్పుడు వెనక నుంచి ఎవరో, ఎవరని అడిగారు. పక్కనున్నాయన మెల్లిగా, డబరా అని చెప్పాడు. కృపామణి పిడికెడు మట్టి వేసింది. సిగ్గుతో తలెత్తలేకపోయింది. బతికుండగానే వాడి పేరు మీద మట్టి కప్పింది తనే.

ఇంటికొచ్చాక కృపామణి రూతు చేతులు పట్టుకుంది. చివరిగా ఒక్క పుస్తకం రాస్తానంది. అందులో డబరాగాడు పెద్దవాడవుతాడు, తన పేరు ప్రేమానందం అని అందరికీ చెబుతాడు, ప్రతి బడిలోనూ పిల్లలు ఆ పేరు చదువుతారు. చెబుతూ చెబుతూ వెక్కివెక్కి ఏడ్చింది.

రూతు ఏడవలేదు. చేతులు మెల్లిగా వెనక్కి తీసుకుంది.

“వద్దు వదినా. ఊరికంతా ఆయన డబరానే. రాత్రిపూట ప్రార్థనలో మాత్రం నేనూ జెస్సీ ఆ పేరు చెప్పుకుంటా ఉన్న్యాం. మాకంటూ మిగిలింది అదొక్కటే. దాన్ని గూడా నీ పుస్తకాల్లో పెట్టబాకు.”

మాట ఇమ్మని అడగలేదు. అడిగుంటే బాగుండేదనిపించింది కృపామణికి. జెస్సీ అత్తకు కాఫీ ఇచ్చి, తిరుపతి బస్సు ఎన్నింటికో చెప్పింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ పేరు జోలికి పోనని తనకు తానే ఒట్టు పెట్టుకుంది. ఈసారీ మనస్ఫూర్తిగానే. నాగలాపురం ఇంకా రాలేదు, ఒక వాక్యం వచ్చి తలలో కూర్చుంది. ‘అనగనగా ప్రేమానందం అనే పిల్లవాడు ఉండేవాడు.’ బాగుంది కూడా. దాన్ని తోసెయ్యాలని కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ప్రార్థన సాగలేదు. ముందు సీటు కమ్మీకి తల ఆనించి, ఎవరికీ వినపడకుండా ఏడ్చింది. ఏడుస్తుండగానే రెండో వాక్యం వచ్చింది.